చేతికీ చెయ్యడానికీ చుట్టరికం లేదు

"చెయ్యి కడుక్కుని ఆ పని చెయ్యి."

ఈ వాక్యంలో చెయ్యి రెండుసార్లు వచ్చింది. మొదటిది ఒంట్లో భాగం, రెండోది ఆజ్ఞ. రాతలోనూ పలుకులోనూ వెంట్రుకవాసి తేడా లేదు. అందుకే చెయ్యి అనే మాట ఎలా పుట్టిందని ఎవరినడిగినా తడుముకోకుండా జవాబిస్తారు: పనులు చేసేది కాబట్టి చెయ్యి. వినడానికి ఎంత బావుంటుందంటే, ఇంకా తవ్వి చూడాలనే అనిపించదు. కానీ ఆ జవాబు తప్పు.

ఈ పొరపాటుకు మన సంస్కృత చదువు కూడా కొంత కారణం. సంస్కృతంలో కరం అంటే చెయ్యి, 'కృ' ధాతువుకు చేయడం అని అర్థం. చేసేది కనుక కరం అనే వ్యుత్పత్తి అక్కడ సరిగ్గా సరిపోతుంది. అదే కొలతతో తెలుగు మాటనూ కొలిచేసరికి ఇక్కడా అతికినట్టే కనిపించింది. మాటల పుట్టుక వెదికేటప్పుడు ఎక్కువమంది జారేది ఇక్కడే. ఒకే భాషలో ఒకేలా వినిపించే రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి ముడివేసేస్తాం. ఇరుగుపొరుగు భాషల్లో ఆ రెండూ ఎలా ఉన్నాయో చూడం.

చూస్తే సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తమిళంలో చెయ్యి 'కై', చేయడం 'చెయ్'. పాత కన్నడంలో చెయ్యి 'కయ్', చేయడం 'గెయ్'. ఇప్పటి కన్నడిగులు మామూలు మాటల్లో 'మాడు' అంటారు గానీ, గెయ్ పూర్తిగా పోలేదు. పొలం పనిని, కాయకష్టాన్ని 'గెయ్మె' అంటారు. తమిళంలో మొదటి హల్లే వేరు. కన్నడంలో అచ్చు వేరు, ఒకచోట అ, ఇంకోచోట ఎ. ఈ రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టి ఉంటే ఇన్ని భాషలు ఇంత పట్టుదలగా వాటిని విడివిడిగా ఉంచవు. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984 నాటి రెండో కూర్పులో చేయడం 1957వ పదం, చెయ్యి 2023వ పదం. రెంటికీ వేరువేరు ఇళ్లు.

ఈ భాషలన్నిటికీ తల్లిగా పండితులు ఊహించిన మూలద్రావిడంలో శరీరభాగం 'కయ్', పని 'కెయ్'. తమిళం, మలయాళం, కన్నడం, తుళు, గోండీ ఇవన్నీ మొదటిదాన్ని ఇంచుమించు కై అనే పలుకుతాయి. ఎక్కడో జార్ఖండ్‌లో మాట్లాడే కురుఖ్‌లో కూడా అది 'ఖెక్ఖా'. మరి తెలుగులో చ ఎక్కడినుంచి వచ్చింది?

ఇది రెండు అడుగుల్లో జరిగింది, ఆ వరసే ముఖ్యం. మొదటి అడుగులో అచ్చు మారింది: పక్కనున్న య్ లాగడంతో 'కయ్' కాస్తా 'కెయ్' అయింది. రెండో అడుగులో హల్లు మారింది: ఇ, ఈ, ఎ, ఏ ముందున్న క తెలుగులో చ అయింది, కాబట్టి 'కెయ్' కాస్తా 'చెయ్'. పని అనే అర్థమున్న 'కెయ్'లో ముందునుంచీ ఎకారమే ఉంది గనుక దానికి రెండో అడుగొక్కటే చాలింది. అదీ 'చెయ్' అయింది. రెండు దారుల్లో వచ్చిన రెండు మాటలు తెలుగు గుమ్మంలో ఢీకొన్నాయి. తమిళంలో మొదటి అడుగు పడలేదు. కైలో అకారం అలాగే ఉండిపోవడంతో దాని కకారం బతికింది. కన్నడంలో రెండో అడుగు పడలేదు.

రెండో అడుగు మీద అనుమానం ఉంటే కన్నడం పక్కన పెట్టుకుని చూడండి. కివి మనకు చెవి. కెఱె మనకు చెరువు. కిరు మనకు చిరు. కెడు మనకు చెడు. గిళి మనకు చిలుక. తమిళులు కూడా చెవి, చెయ్ అంటారు గానీ కెడు, కిళి దగ్గర ఆగిపోయారు. తర్వాత డ, ళ లాంటి మూర్ధన్యం (నాలుక మడిచి పలికే హల్లు) ఉంటే వాళ్ల క మారదు. మనం అదీ చూడలేదు, దొరికిన ప్రతి కి, కెనూ చి, చె చేసి పారేశాం. మొదటి అడుగుకు తోడు కావాలంటే చేదును చూడండి. కన్నడంలో చేదును 'కహి' అంటారు, తమిళంలో 'కైప్పు'. అక్కడి కై, చేతి కై పలకడానికి ఒక్కటే. తెలుగులో రెండూ ఒకే బాటన నడిచి ఒకటి చేయి, ఇంకొకటి చేదు అయ్యాయి. అర్థంలో ఏ సంబంధమూ లేని రెండు మాటలు ఒకేలా మారితేనే అది నియమమని నమ్మొచ్చు.

మరి కిటికీ, కేక, కెరటం? అవెందుకు చిటికీ, చేక కాలేదు? ధ్వని మార్పు వానాకాలంలాంటిది, ఒకప్పుడు మొదలై ఒకప్పుడు ఆగిపోతుంది. అది ఆగిన తర్వాత భాషలోకి వచ్చిన, లేదా ఏర్పడిన కి, కే మాటలు తడవవు. చేతికే ఉన్న ఇంకో పాత పేరు 'కేలు' అలాగే నిలిచింది. పద్యాల్లో కేలు మోడ్చడం, కెంగేలు (ఎర్రని చెయ్యి) తరచుగా కనిపిస్తాయి. వాడుకలో మాత్రం చచ్చిపోయింది.

ఇక తెలుగులో దీని రూపాలు. నిఘంటువులు ముందు చేయి అని చూపిస్తాయి, మనం చెయ్యి అంటాం. రెండూ సరైనవే. దీర్ఘం ఉంటే ఒంటి య, హ్రస్వం ఉంటే జంట య: నేయి-నెయ్యి, గోయి-గొయ్యి, నూయి-నుయ్యి, వేయి-వెయ్యి. తూకం సమానం కావాలి, అంతే. ఫోన్లలో టైప్ చేసేటప్పుడు ఎక్కువగా కనిపించే తప్పు 'చేయ్యి'. దీర్ఘమూ ద్విత్వమూ రెండూ పెడితే తూకం ఒకవైపు ఒరిగిపోతుంది. అలా తెలుగువాళ్లెవరూ పలకరు కూడా. 'వేయ్యి', 'గోయ్యి' అని కూడా రాస్తున్నారు, వాటిదీ అదే జబ్బు.

విభక్తి చేరగానే చెయ్యి మాయమై చేతి వస్తుంది: చేతిలో, చేతికి, చేతిమీద, బహువచనం చేతులు. నేతి, గోతి, నూతి, రాతి ఇవన్నీ ఈ గుంపే. విభక్తికి ముందు ఇలా వచ్చే ఇ, టి, తిలను సంప్రదాయ వ్యాకరణం ఔపవిభక్తికాలు అంటుంది. ఈ తి మీద పట్టు పోతే వచ్చేదే 'చెయ్యిలో', 'చెయ్యితో', 'చెయ్యిలు'. విదేశాల్లో పుట్టి పెరిగిన పిల్లలు, ఇక్కడే ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు ఇలా అంటుంటారు. వాళ్లను తప్పుబట్టే ముందు ఒక్క మాట: వాళ్లు నియమం తెలియక అలా అనడం లేదు. గది-గదిలో, కుర్చీ-కుర్చీలో అనే పెద్ద నియమాన్ని మరీ నమ్మకంగా పాటిస్తున్నారు. ఈ గుంపులో ఉన్నవే పదో పన్నెండో మాటలు. చేతిలో, నేతిలో, నూతిలో, గోతిలో అని వరసగా పాటలా అనిపిస్తే వారంలో పట్టుబడతాయి. వ్యాకరణం వివరిస్తే పట్టుబడవు. చేతితో అన్నది నోట్లో నలిగి చేత్తో అవుతుంది, అది తప్పు కాదు.

తెలుగు ఈ మాటతో చేసిన అసలు గొప్ప పని విభక్తుల్లో ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తృతీయా విభక్తికి చేతన్, చేన్, తోడన్, తోన్ అనే ప్రత్యయాలు చెప్పింది. బళ్లో చేత, చే, తోడ, తో అని వల్లె వేసినవే. వీటిలో తోడ, తో అన్నవి తోడు నుంచి వచ్చాయి. చేత, చే అన్నవి అచ్చంగా చెయ్యే. 'రామునిచేత రావణుడు చంపబడెను' అంటే రాముడి చేతిలో చంపబడ్డాడని. మొదట్లో చేతులున్న మనుషులకే వాడి ఉంటారు. తర్వాత అర్థం అరిగి అరిగి, చేతులు లేనివాటికీ పాకింది: వర్షముచేత, జ్వరముచేత. చివరికి అందుచేత, ఎందుచేత. 'అందుచేత' అన్నప్పుడల్లా ఒక చెయ్యి ఊపుతున్నామని ఎవరికి గుర్తుంటుంది? వార్తాపత్రికల 'పోలీసులచే', 'ప్రభుత్వంచే' కూడా ఇదే చెయ్యి. ఆ వాడకం నాకు నచ్చదు, వాక్యం తలకిందులుగా నడుస్తున్నట్టుంటుంది. అయినా పుట్టుక మాత్రం శుద్ధమైనదే.

ఇక్కడ పోల్చుకోవడానికి కన్నడమే మళ్లీ సాయం. 'నా చేత కాదు' అని మనమంటే, 'నన్న కైలి ఆగల్ల' అని వాళ్లంటారు. మాటకు మాట అదే: నా చేతిలో కాదు. 'అతనిచేత రాయించాను' అంటే అక్కడ 'అవన కైలి బరెసిదె'. కాబట్టి చేతకాదు, చేతగాని, చేతకానితనం ఇవన్నీ చేతి సంతానమే, చేయడం సంతానం కావు. ఇంకా అనుమానం ఉంటే వ్యతిరేకం తీసేసి చూడండి. 'వాడికి ఈత చేతనవును', 'చేతనైన సాయం', 'చేతనైతే చూపించు'. మధ్యలో ఆ న ఎక్కడిది? చేతన్ అనే విభక్తి ప్రత్యయం చివరి ద్రుతం, అంటే న్, అది. పని అనే అర్థమున్న చేత అయితే అక్కడ నకారానికి చోటే లేదు.

ఎందుకంటే పని అనే అర్థమున్న చేత ఇంకొకటుంది. రాయు-రాత, కోయు-కోత, మేయు-మేత, నేయు-నేత, అలాగే చేయు-చేత. మాటలు కోటలు దాటతాయి, చేతలు గడప దాటవు అన్నప్పటి చేత ఇది. చేసేది కాబట్టి చెయ్యి అనే నమ్మకానికి బలమైన ఎరువు ఈ రెండు చేతల కలయికే. (చేష్టలు అన్నది పూర్తిగా సంస్కృతం, దాన్ని ఈ పంచాయితీలోకి లాగకూడదు.)

ఒక సమాసంలో ఉన్నది చెయ్యా, చేయడమా అని తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఇదే: కన్నడంలోనో తమిళంలోనో అదే అర్థానికి ఉన్న మాట వెదకండి. అందులో కై ఉంటే శరీరభాగం. చేకొను అన్నదానికి కన్నడంలో కైకొళ్ ఉంది. చేపట్టుకు తమిళంలో కైప్పఱ్ఱు ఉంది. చేబదులుకు తమిళులు కైమాఱ్ఱు అంటారు, అంటే చేతి మార్పు. కన్నడిగులు కైగడ అంటారు, చేతి అప్పు. కాగితం, సాక్షి, వడ్డీ లేకుండా చేతినుంచి చేతికి మారే డబ్బు మూడు భాషల్లోనూ చేతి పేరే పెట్టుకుంది. మనం మాత్రం రెండో సగానికి ఉర్దూ నుంచి బదులు తెచ్చుకున్నాం.

చెయ్యి అంటే ఎంతవరకు? తెలుగులో భుజం కింద మొదలైతే వేలికొసల దాకా అంతా చెయ్యే. భుజం విషయంలో ఒక తమాషా ఉంది. సంస్కృతంలో భుజమంటే మొత్తం చెయ్యి; మనం దాన్ని తెచ్చుకుని పైకి నెట్టి మూలకు పరిమితం చేశాం. అందుకే పద్యాల్లోని భుజబలాన్ని ఇవాళ్టి భుజంతో అర్థం చేసుకుంటే కండలు కాస్త తగ్గుతాయి. పై సగం దండచెయ్యి, జబ్బ, కొన్నిచోట్ల రెట్ట. కింది సగం ముంజెయ్యి: ముందు, చేయి కలిసి, సున్న తర్వాతి చ కాస్తా జ అయింది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అనేది ఈ చోటు గురించే. తర్వాత మణికట్టు, అరచెయ్యి, వేళ్లు.

మధ్యలో ఉన్న మోచెయ్యి అన్నిటికన్నా విలువైన మాట. మోచెయ్యి, మోకాలు రెంటిలోనూ 'మో' ఉంది. మడతపడే చోటు కాబట్టి మో అంటే మడత అయి ఉంటుందనిపిస్తుంది. తమిళంలో అవి ముళంకై, ముళంకాల్. కన్నడంలో మొణకై, మొణకాలు. ఆ తమిళ ముళం అంటే మరేమిటో కాదు, మూర. కన్నడంలో మూరను మొళ అంటారు. తమిళులు తమ భాష పేరు చివర పలికే ఆ ప్రత్యేకమైన ధ్వని మన మూరలో ర అయింది, మోచేతిలో మాయమైంది. ముళం చివరి సున్న కొన్నాళ్లు అరసున్నగా మిగిలి (మోఁచేయి) ఆ తర్వాత అదీ రాలిపోయింది. పూలమ్మే ఆమె మోచెయ్యి దగ్గర దండ కొస పట్టుకుని నడిమివేలి చివరిదాకా లాగి 'ఇదిగో మూర' అన్నప్పుడు, మాట, దాని పుట్టుక రెండూ ఒకే చేతిమీద పక్కపక్కనే ఉంటాయి.

చేతిమీదే మన పాత కొలతలన్నీ లెక్క తప్పకుండా అమరుతాయి. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, ఉజ్జాయింపుగా 3 అంగుళాలు. 3 బెత్తలు ఒక జాన, 9 అంగుళాలు. 2 జానలు ఒక మూర, 18 అంగుళాలు, అంటే అడుగున్నర. 4 మూరలు ఒక బార, 6 అడుగులు. రెండు చేతులూ బార్లా చాపితే వచ్చేది అదే. బావి తాడు బారల్లో, పూలు మూరల్లో కొలవడం ఇందుకే: తాడు చాపిన చేతుల మధ్య లాగుతారు, పూలు ఒంటిచేత్తో కొలుస్తారు. కొలత ఎక్కడ తేడా పడుతుందో కూడా చెయ్యే చెబుతుంది. అమ్మే మనిషి చెయ్యి పొట్టిదైతే మూర 16 అంగుళాలకే ముగుస్తుంది. మోచెయ్యి సగం వంచి పట్టినా ఒకటి రెండు అంగుళాలు చల్లగా జారిపోతాయి. ధాన్యం, పిండి దగ్గర చెయ్యి గిన్నె అవుతుంది. అరచెయ్యి గుంటగా వంచితే చేర. చేర నిండా పట్టేది చేరెడు, వాడుకలో చారెడు. రెండు చేరలు కలిపితే దోసెడు. మూసి పడితే పిడికెడు. చారెడేసి కళ్లు అని పొగిడేవాళ్లు నిజానికి అరచేతుల్ని కొలతపాత్రలు చేస్తున్నారు.

మూలద్రావిడ కై తెలుగులో పూర్తిగా పోలేదు. చే పక్కనే కై కూడా పాత సమాసాల్లో నిలిచింది. చేకొను ఉండగానే కైకొను ఉంది. కైదండ అంటే నడవడానికి పట్టుకునే చేయూత. కైదువు ఆయుధం. కైవసం ఇవాళ్టికీ పత్రికల్లో ఎన్నికల మర్నాడు కనిపిస్తుంది: ఫలానా మున్సిపాలిటీ కైవసం. ఇందులో కన్నడ కావ్యభాష ప్రభావం లేదనలేం, ఎందుకంటే ఆ రోజుల్లో రెండు సాహిత్యాలూ ఒకే ఇంటి వరండాలు. ఎటునుంచి వచ్చినా, చేతి పాత ముఖం చూడాలంటే తమిళనాడు దాకా పోనక్కర్లేదు.

వీటన్నిటిలో నాకు నచ్చిన సాక్ష్యం కైసేయు. పద్యాల్లో కైసేయడమంటే అలంకరించడం, కైసేత అంటే అలంకారం. కై అంటే చెయ్యి, సేయు అంటే చేయు. రెండూ ఒకే మాటలో భుజాలు రాసుకుంటూ నిలబడి, ఒకటి కై అని, ఇంకొకటి సే అని వేరువేరు పేర్లు చెబుతున్నాయి. ఒకటే ధాతువైతే ఒకే మాటలో రెండు వేషాలెందుకు?

ఇవాళ్టి తెలుగులో కైసేయు లేదు. అవే రెండు ముక్కల్ని కొత్త రూపాల్లో మళ్లీ పక్కపక్కన పెట్టుకున్నాం గానీ, అర్థం మాత్రం ఎక్కడికో పోయింది. అప్పటివాళ్లు కైసేసుకున్నారంటే ముస్తాబయ్యారని. ఇప్పుడు ఎవరైనా చెయ్యి చేసుకున్నారంటే ఎదుటివాడి చెంప పేలిందని.